సాగనంపిన ఊళ్ళోనే ఉండిపోయిన కంపౌండర్

మా భూపాలపల్లి వాళ్ళం కంపౌండర్ యోహానును సాగనంపిన రోజు ఎండ దంచి కొడుతోంది. ఎనభై నాలుగో సంవత్సరం, ఉగాది దాటిన వారం. సర్కారు దవాఖాన ముందు షామియానా వేసి, బడి నుంచి బెంచీలు తెప్పించాం. సర్పంచు శాలువా కప్పాడు. పరకాల నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు అందరినీ మూడు వరసల్లో నిలబెట్టి తానే చెమటతో తడిసిపోయాడు. ఊరి బ్రాంచి పోస్టుమాస్టరును కాబట్టి నన్ను కూడా మాట్లాడమన్నారు.

నేను ఒక్క సంగతే చెప్పాను. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం నడిచిన నెలల్లో బస్సులు నిలిచిపోయి, మా దవాఖానకు మందులు రావడం ఆగిపోయింది. అదే సమయంలో మా చెల్లె యాకమ్మను పిచ్చికుక్క కరిచింది. యోహాను సైకిలెక్కి పరకాల పోయాడు. తిరుగు దారిలో రాళ్ళు అడ్డం పెట్టి నిలబడ్డ విద్యార్థులు ఎవరివి నువ్వు, ఎక్కడికి పోతున్నవ్ అని ఆపితే, సంచీ విప్పి తడిగుడ్డలో చుట్టిన మందుసీసాలు చూపించాడు. వాళ్ళే రాళ్ళు పక్కకు జరిపి దారి ఇచ్చారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పడి మా చెల్లె బతికింది. ఆ మాట చెబుతుంటే యాకమ్మ ముందు వరసలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యోహాను కూడా కళ్ళు తుడుచుకున్నాడు. అందరం ఏడ్చాం.

తొమ్మిది రోజుల తర్వాత కూడా ఆయన ఊళ్ళోనే ఉన్నాడు.

ఆయన ఎందుకు పోవాలనుకున్నాడో ముందు చెప్పాలి. అంతకు ముందు ఏడాది ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును ఒక్కసారిగా యాభై ఐదేళ్ళకు తగ్గించింది. యోహానుకు అప్పటికే యాభై ఆరు. పొద్దున డ్యూటీకి పోయిన మనిషి సాయంత్రానికి రిటైరై ఇంటికి వచ్చాడు. ఒక్క కూతురు, పెళ్ళై కొత్తగూడెంలో కాపురం చేసుకుంటోంది. ఇంట్లో ఆయనా, భార్య చంద్రమ్మా. చంద్రమ్మకు పని లేకపోవడం అంటూ ఉండదు. ఈయనకే పొద్దు పోయేది కాదు. లేచి గడ్డం గీసుకుని, తెల్లచొక్కా వేసుకుని, ఎటూ పోవాల్సిన పని లేక వాకిట్లో నిలబడేవాడు.

అప్పుడు జనగామ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నేనే తెచ్చిచ్చాను. ఒకప్పుడు ఆయనకు పై అధికారిగా పనిచేసిన డాక్టరు రిటైరై జనగామలో సొంత దవాఖాన పెట్టుకున్నాడు. నీ చేయి తెలిసిన వాణ్ణి, వచ్చి నా దగ్గర కట్లు కట్టు, సూదులు వెయ్యి అని రాశాడు. ఆ ఉత్తరం చదివిన రోజు యోహాను నడక మారిపోయింది. వారంలో జనగామ పోయి, స్టేషనుకు దగ్గర్లో ఒక చిన్న ఇల్లు చూసి బయానా ఇచ్చి వచ్చాడు. ఇక్కడి ఇల్లు అమ్మితే అక్కడిది కొనాలి.

ఇక్కడి ఇల్లు ఆయన స్వయంగా కట్టించుకున్నది. రోడ్డు మీద రెండు అర్రలు, ముందు గచ్చు చేసిన అరుగు, పైన బెంగుళూరు పెంకలు, వెనక చేదబావి. కొంటానని వచ్చినవాడు మానుకోట వ్యాపారి రామచందర్. మహబూబాబాదును మేం మానుకోటే అంటాం. బొగ్గు ఉందో లేదో చూడటానికి మా ఊరి వెనక అడవిలో బోర్లు వేసేవాళ్ళ క్యాంపు దిగింది; మనుషులు పెరుగుతారు, రోడ్డు మీద కిరాణా దుకాణం పెడితే నడుస్తుందని రామచందర్ ఆలోచన. ఇల్లు రెండుసార్లు చూశాడు, బయానా ఇచ్చాడు, రిజిస్ట్రేషనుకు రోజు పెట్టుకున్నారు.

రోజు పెట్టుకున్నాక యోహాను ఆగలేదు. సామాను మోసుకుపోవడం ఎందుకని ఒక్కొక్కటి పంచేశాడు. పందిరి మంచం చర్చి సంఘం కాపరికి. కోళ్ళు, కోళ్ళగూడు యాకమ్మకు. ఇసుర్రాయి పక్కింటికి. సైకిలు తండా చాంద్యాకు. ఆ చాంద్యా ఒకసారి పాము కరిచి ఆయన చేతుల్లోనే కళ్ళు తెరిచిన మనిషి. నాకు ఆయన చేతుల కుర్చీ వచ్చింది. బెత్తంతో అల్లినది, ముప్పై ఏళ్ళుగా ఆయన దవాఖాన నుంచి వచ్చి అందులో కూర్చునే టీ తాగేవాడు. చంద్రమ్మ ఒక్క మాట మాత్రం అంది.

"కాయితం మీద సంతకం పడనియ్యరాదు, అటెన్క పంచుదువు."

"మనిషి మాటిచ్చిండు గద," అన్నాడు యోహాను.

రిజిస్ట్రేషను పరకాలలో. సాక్షి సంతకానికి నేను కూడా వెళ్ళాను. పొద్దున పదింటికే చేరాం. దస్తావేజు రాసేవాడు కాగితాలన్నీ సిద్ధం చేసి, పేర్లు చదివి వినిపించి, చెవిలో కలం పెట్టుకుని కూర్చున్నాడు. హనుమకొండ బస్సు వచ్చినప్పుడల్లా యోహాను బస్టాండుకు పోయి దిగేవాళ్ళ మొహాలు చూసి వచ్చేవాడు. పన్నెండు అయింది. రెండు అయింది. చంద్రమ్మ టిఫిను విప్పి నాకు అన్నం పెట్టింది. ఆయన తినలేదు.

"రైలు ఆలస్యమై ఉంటది," అన్నాడు. తర్వాత, "బస్సు చెడిపోయి ఉంటది." నాలుగున్నరకు, "ఇంకో బస్సు చూద్దాం తమ్మీ."

ఆఫీసు తలుపులు వేసేదాకా చూశాం. రాసేవాడు కాగితాలు మడిచి చంద్రమ్మ చేతికిచ్చి, "రేపు వస్తరేమో లేమ్మా," అన్నాడు. ఆమె వాటిని టిఫిను సంచిలో పెట్టుకుంది. తిరుగు బస్సులో యోహాను సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. పైకమ్మీ పట్టుకుని ముందుకు వంగి, డ్రైవరు అద్దంలోంచి రోడ్డు చూస్తూనే నిలబడ్డాడు.

మర్నాడూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఉత్తరమూ లేదు. నా దగ్గరికి వచ్చే తపాలా సంచీని మొదట యోహానే విప్పించేవాడు. నాలుగో రోజు ఆదివారం, చర్చిలో ప్రార్థన కూడా మానేసి, "మానుకోటకు పోదాం పా," అన్నాడు. "నేనొక్కణ్ణే పోతే లొల్లి పెట్టుకుంట. నువ్వుంటే జర ఆగుత."

పరకాల మీదుగా హనుమకొండ, వరంగల్లులో రైలు. దారి పొడుగునా ఆయన తనలో తాను మాటలు తయారు చేసుకుంటూనే ఉన్నాడు. ఒకసారి పెదవులు కదిలేవి. ఒకసారి చేయి లేచేది. డోర్నకల్ వైపు పోయే ఆ రైలు మానుకోటలో ఆగేసరికి మధ్యాహ్నం రెండైంది.

రామచందర్ దుకాణం బజారులో. మిరపకాయ బస్తాల మధ్య గద్దె మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"రాండ్రి డాక్టర్ సాబ్. కూసోండ్రి. నేనే వద్దామనుకున్న."

"వద్దామనుకుంటే పరకాలకే రావాల్సుండె గద సేటు," అన్నాడు యోహాను. కూర్చోలేదు.

రామచందర్ కాసేపు తక్కెడ గొలుసు సవరించాడు. "తప్పైంది. ఇంట్లోళ్ళందరు వద్దన్నరు. మీ ఊరెన్క బొగ్గు కోసం బోర్లేస్తున్నరు గద. మా బామ్మర్ది అన్నడు, రేపు బొగ్గు దొరికితె సర్కారు నోటీసిస్తది, ఇల్లు పాయె దుకాణం పాయె, భూమి కిందికి పోయే ఇల్లు ఎందుకు కొంటవ్ అని. నాకు ధైర్యం సాలలె. బయానా మీ దగ్గర్నే ఉంచుకోండ్రి, నేనడగ."

"బయానా ముచ్చట కాదు సేటు. ఒక్క కార్డు ముక్క రాస్తే నాకు తెలుస్తుండె. ఊరంత నన్ను సాగనంపింది. శాలువా కప్పింది."

శాలువాకూ ఇంటి బేరానికీ ఏం సంబంధమో రామచందర్‌కు అర్థం కాలేదు. నా వైపు చూశాడు.

అప్పుడు లోపలి గది నుంచి ఎవరో మూలిగారు. యోహాను మొహం మారింది. తల ఎత్తి వాసన పట్టినట్టు ఒక్క క్షణం నిలబడ్డాడు.

"లోపలెవరు?"

"మా అమ్మ. కాలికి పుండైంది. నెలైతంది."

"షుగరుందా?"

"ఉందట."

యోహాను చెప్పులు విడిచి లోపలికి పోయాడు. ముసలామె పేరు ఈశ్వరమ్మ. మంచం మీద పడుకుని, పసుపూ ఏదో ఆకుపసరూ కలిపి పట్టించిన కాలు చాపి ఉంది. ఈయన కింద కూర్చుని, కాలు ఎత్తి తన తొడ మీద పెట్టుకున్నాడు. వేడినీళ్ళు తెమ్మన్నాడు, చల్లారబెట్టించాడు. దూది, గాజుగుడ్డ, ఫలానా మలాము అని చీటి రాసి రామచందర్‌నే మందుల దుకాణానికి పంపించాడు. ఆ సేటు తన గద్దె వదిలి పరుగెత్తడం బజారంతా చూసింది. గంటసేపు పట్టింది. యోహాను చేతులు ఆ గంటా తొందర పడలేదు. నెల రోజుల్లో ఆయన అంత నిమ్మళంగా ఉండగా నేను చూడలేదు.

కట్టు కడుతుంటే ముసలామె అడిగింది. "ఎవరు నాయినా నువ్వు?"

"భూపాలపల్లి కంపౌండర్ను అవ్వా."

"మావోడు ఇల్లు కొంటున్నడన్నరు, గా ఇంటాయనవా?"

"అవునవ్వా."

"కొన్నడా మరి?"

"లేదు. వద్దనుకున్నడు."

ఆమె తలగడ మీంచి తల ఎత్తి కొడుకును చూసింది. "మరి గీయనతోని నా కాలెట్ల పట్టిస్తున్నవ్ రా?"

యోహాను ముడి వేసి, రెండు రోజులకోసారి ఎట్లా కడగాలో రామచందర్‌కు చేసి చూపించి, వరంగల్లు పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మని గట్టిగా చెప్పి లేచాడు. ఇంటి సంగతి మళ్ళీ ఎత్తలేదు. రామచందర్ స్టేషను దాకా వచ్చి మాకు టికెట్లు కొనబోతే మాత్రం ఒప్పుకోలేదు.

రైలు కదిలాక అన్నాడు. "తిట్టాలని పోయిన. ఏమేం అనాల్నో అన్ని అనుకొని పోయిన. తిట్టుడు పోయి మందు చీటి రాసిచ్చి వస్తున్న." నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. వరంగల్లు దాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

రామచందర్ బయానా యోహానుకు మిగిలితే, యోహాను బయానా జనగామ ఇంటాయనకు మిగిలింది. ఆ లెక్క అక్కడితో సరిపోయింది. సరిపోనిది వేరే ఉంది. ఊరికి ఏం చెప్పాలి?

మానుకోట నుంచి వచ్చాక మొదటి వారం ఆయన పగలు పెద్దగా బయటికి రాలేదు. వస్తే ఎవరో ఒకరు అడిగేవారు.

"ఏంది సారూ, ఇంక పోలేదా?"

"లేదవ్వా, జర పనుండె."

"ఎప్పుడు పోతున్నరు మరి?"

ఎవరూ చెడ్డగా అడగలేదు. కానీ రోజుకు పదిమంది మంచిగా అడిగినా మనిషికి ఊపిరాడదు. అరుగు మీద కూర్చుందామంటే కుర్చీ లేదు. పడుకుందామంటే మంచం లేదు. ఇద్దరూ చాపల మీద పడుకునేవాళ్ళు. సంచులు, ట్రంకుపెట్టె కట్టినవి కట్టినట్టే గోడకు ఆనించి ఉన్నాయి. కావలసిన చొక్కా కోసం రోజూ మూట విప్పి, మళ్ళీ బిగించి కట్టేవాడు. చంద్రమ్మ మాత్రం పరకాల నుంచి వచ్చిన మర్నాడే బావి పక్కన మడి తవ్వి బీరగింజలు పెట్టింది. అది చూసి ఆయనకు కోపం వచ్చింది.

"అమ్మే ఇంట్ల గింజలు పెడుతున్నవేంది?"

"అమ్మినోడు కోసుకోనీ, కొన్నోడు కోసుకోనీ. కాసినంక కోసేటోళ్ళు కోస్తరు."

మా ఇంట్లో ఆ కుర్చీ నాకు ముల్లయింది. ఒకరోజు మధ్యాహ్నం, అందరూ పడుకున్న వేళ, నెత్తిన పెట్టుకుని వాళ్ళింటికి తీసుకుపోయాను. ఆయన గడపలోనే అడ్డం నిలబడ్డాడు. "ఇచ్చింది మల్ల తీసుకుంటరా ఎల్లయ్యా? తీస్కపో." నేను తీసుకొచ్చేశాను. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఆయనే మా ఇంటికి వచ్చి, "తపాల వచ్చిందా?" అని అడిగి ఆ కుర్చీలో కూర్చున్నాడు. అప్పటి నుంచి రోజూ వచ్చాడు. నా భార్య రెండో గ్లాసు టీ పోయడం అలవాటు చేసుకుంది. ఆయన తాగి, ఐదు నిమిషాలకోసారి లేచి రోడ్డు చూసి, మళ్ళీ కూర్చునేవాడు.

చాంద్యా సంగతి ఇంకో రకం. తెల్లారేసరికి సైకిలు తెచ్చి ఆయన గోడకు ఆనించి చెప్పకుండా పోయాడు. యోహాను అదే సైకిలెక్కి మూడు మైళ్ళు తండాకు పోయి, దాన్ని అక్కడ వదిలి, ఎండలో నడిచి వచ్చాడు. రెండు రోజులాగి సైకిలు మళ్ళీ గోడ దగ్గరికి వచ్చింది. మళ్ళీ ఈయన వదిలి వచ్చాడు. మూడోసారి చాంద్యా వాకిట్లోనే కూర్చున్నాడు.

"సైకిల్ నీదే సారు. నేను తొక్కుత. నీకు యాడికి పోవాల్నో చెప్పు, నేను తీస్కపోత."

"నాకు యాడికి పోవాల్నో నాకే తెల్వది రా," అన్నాడు యోహాను.

వైశాఖం మధ్యలో ఒకరోజు ఆయన చిన్న సంచీ ఒకటి తీసుకుని జనగామకని పరకాల బస్సెక్కాడు. ఇల్లు కొనలేకపోతేనేం, డాక్టరు దవాఖాన వెనక గది ఉంది, నేనొక్కణ్ణే ఉండి పని చేస్తాను, చంద్రమ్మ తర్వాత వస్తుంది అని చెప్పాడు. ఈసారి ఎవరూ సాగనంపలేదు. అంగడికి పోయేవాడిలా పోయాడు. చంద్రమ్మ బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత మడికి నీళ్ళు పోయడానికి వెళ్ళింది.

పదిహేడో రోజున తిరిగొచ్చాడు. మనిషి సగమయ్యాడు. మా ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చుని, నా భార్య ఇచ్చిన టీ తాగాడు.

"డాక్టర్ మంచిగనే చూసిండు," అన్నాడు. "నేను ఆలస్యం చేసిన గద. వేరే పిలగాణ్ణి పెట్టుకున్నడు, పట్నంల కోర్సు చదివినోడు. సూదులు వాడే ఏస్తడు. నన్ను గల్లపెట్టె దగ్గర కూసోవెట్టి నంబర్లు పిలువుమన్నరు. ఒకటో నంబరు, రెండో నంబరు. గా పని కూడ జేసిన. ఎవ్వరు నా మొకం చూసి పేరు పెట్టి పిల్వలె తమ్మీ. జనగామల నేను ఇంకా రానోణ్ణి. ఈడ ఎప్పుడో పోయినోణ్ణి."

ఆ రోజు వచ్చిన ఒక కార్డు నా దగ్గరే ఉంది, అది ఇచ్చాను. మానుకోట నుంచి, రామచందర్ రాసింది. మా అమ్మ పుండు మానుతోంది, మీరు చెప్పినట్టే వరంగల్లు తీసుకుపోయినం అని మొదటి రెండు వరసలు. కింద ఇంకేదో క్షమాపణలు ఉన్నాయి. యోహాను మొదటి రెండు వరసలే పైకి చదివాడు. మిగతావి చదవకుండానే కార్డు జేబులో పెట్టుకున్నాడు.

మృగశిర కార్తె వచ్చింది. ప్రతి ఏడూ వానలకు ముందు పెంకలు దింపి, పగిలినవి మార్చి సర్దించడం ఆ ఇంటికి అలవాటు. అమ్మే ఇల్లని ఆ ఏడు ఎవరూ పట్టించుకోలేదు. చంద్రమ్మ మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఆయన, "కొనేటోడు సర్దుకుంటడు," అన్నాడు. మొదటి వాన మధ్యాహ్నం పడింది. రెండు అర్రల్లోనూ ధారలు. కట్టిపెట్టిన మూటలన్నీ తడిశాయి. నేను గొడుగేసుకుని పోయేసరికి చంద్రమ్మ ఒక్కొక్క మూటా విప్పి బట్టలు దండేనికి వేస్తోంది. ఆమె గొంతు అంత పెద్దది కావడం నేను అదే మొదటిసారి వినడం.

"కొనేటోడు సర్దుకుంటడా? కొనేటోడు యాడున్నడు? తడిసేటోళ్ళం మనమున్నం. ఎవడో రాలేదని, మనం గూడ ఈ ఇంట్ల లేనట్టె బతుకుడా? నువ్వు యాడికన్న పో. పోయేదాక మాత్రం ఈడ ఉండు. ఉన్నోని లెక్క ఉండు."

యోహాను ఆమెనే చూశాడు. తర్వాత పంచె ఎగ్గట్టి, వాన ఇంకా జల్లుగా పడుతుండగానే నిచ్చెన వేశాడు. యాభై ఏడేళ్ళ మనిషి, తడి పెంకల మీద. నేను కిందనుంచి పెంకలు అందించాను. సాయంత్రం దాకా పెద్ద అర్ర మీది కప్పు సర్దాడు. చిన్నదాని దగ్గరికి వచ్చేసరికి ఆగి, పైనుంచే అడిగాడు. "ఇది గూడ సర్దాల్నంటవా ఎల్లయ్యా?" నేను కింద చంద్రమ్మ వైపు చూశాను. ఆమె ఇంకో నాలుగు పెంకలు తెచ్చి నా చేతికిచ్చింది.

ఆ వానాకాలమే తండాలో వాంతులూ బేదులూ మొదలయ్యాయి. కొత్త కంపౌండరు సెలవులో ఉన్నాడు, డాక్టరు వారానికి ఒకరోజు వస్తాడు. ఒక పొద్దున చాంద్యా సైకిలు తెచ్చి గోడకు ఆనించలేదు. రోడ్డు మీదే నిలబెట్టుకుని గంట కొట్టాడు. యోహాను అడగకుండానే వెనక కూర్చున్నాడు. పన్నెండు రోజులు పొద్దున పోయి పొద్దుగూకే వేళకు వచ్చాడు. నీళ్ళు కాచించాడు, ఉప్పూ చక్కెరా కలిపి చెంచాలతో తాపించాడు, లేవలేని వాళ్ళను ఎడ్లబండి మీద పరకాలకు పంపించాడు. ఒక ముసలాయన పోయాడు. మిగతావాళ్ళు దక్కారు. ఆ పన్నెండు రోజులూ ఆయన మా ఇంటికి రాలేదు. కుర్చీ ఖాళీగా ఉంటే నాకే ఏదో తక్కువైనట్టు ఉండేది.

ఆ తర్వాత జనం ఆయన అరుగు మీదికే రావడం మొదలుపెట్టారు. కట్టు మార్పించుకునేవాళ్ళు, చీటి చదివించుకునేవాళ్ళు, పెద్ద దవాఖానకు పోవాలా వద్దా అని అడిగేవాళ్ళు. బోర్ల క్యాంపు మేస్త్రీలు కూడా చేతులకు దెబ్బలు తగిలించుకుని వచ్చేవాళ్ళు. చంద్రమ్మ అరుగు చివర ఒక నీళ్ళ కుండ పెట్టింది. ఎప్పుడు పోతున్నరు అని అడిగేవాళ్ళు కూడా తగ్గారు.

ఆయన మనసు కుదుటపడింది, ఇల్లు ఇక అమ్మకానికి పెట్టలేదు అని రాస్తే బాగుంటుంది గానీ, అది అబద్ధమవుతుంది. ఆ తర్వాత మూడుసార్లు పెట్టాడు. ప్రతిసారీ ఎవరో వచ్చి చూశారు. ఇద్దరు రేటు దగ్గర తెగక పోయారు. మూడోవాడు కనకయ్య అని, క్యాంపులో మెస్సు నడిపేవాడు, ఎనభై ఏడులో వచ్చాడు. అప్పటికి బొగ్గు ఉందని తేలిపోయింది, గనులు వస్తాయని, అవి రోడ్డుకు అవతలి వైపేనని అందరూ చెప్పుకుంటున్నారు. కనకయ్య మంచి రేటు చెప్పాడు, రోజు కూడా పెట్టుకున్నారు. ముందురోజు పొద్దున యోహాను మా ఇంటికి వచ్చి నిలబడే అన్నాడు.

"నాకు పరకాలకు పోబుద్ధయిత లేదు తమ్మీ."

"మరి కనకయ్యకు ఎవరు చెప్తరన్నా?"

"నేనే చెప్త. ఇయ్యాలనే పోయి చెప్త. ఆయనను బస్టాండ్ల నిలవెట్టద్దు."

క్యాంపుకు నడుచుకుంటూ పోయి చెప్పాడు. కనకయ్య అరిచాడట, మాటకు విలువ లేదా అని నలుగురిలో అడిగాడట. యోహాను చేతులు కట్టుకుని అంతా విని, తప్పు నాదే అని బయానా ఆయన చేతిలో పెట్టి వచ్చాడు. వచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదు. రామచందర్ గుర్తొచ్చాడని, ఆ రోజు గద్దె మీద ఆయన తక్కెడ గొలుసు ఎందుకు సవరించుకున్నాడో ఇప్పుడు తెలిసిందని నాతో అన్నాడు.

చంద్రమ్మ బీరకాయలు ఇవ్వడానికి మా ఇంటికి వచ్చినప్పుడు నేను అడిగాను. "వదినె, అన్న ఇంక పోడా?"

"ఆయనకు పోవుడు కాదు తమ్మీ. పోత పోత అనుకుంటుండాలె. గట్లనే మందులిస్తడు, గట్లనే తింటడు. కూసోమంటే పానం పోతది ఆయనకు." ఆమె చేటలోని కాయలు నా భార్య కొంగులో పోసి, తొందరగా వెళ్ళిపోయింది, ఎవరో కాలికి గాజు గుచ్చుకుని అరుగు మీద ఎదురుచూస్తున్నారని.

ఇప్పుడు, ఎనభై తొమ్మిదిలో, నేను ఈ నాలుగు మాటలూ రాసి పెట్టుకుంటుంటే ఆయనకు అరవై రెండు. నిన్న పొద్దున కూడా వచ్చాడు. టీ తాగుతూ జనగామకు డైరెక్టు బస్సు వేశారట, ఎన్నింటికి అని అడిగాడు. ఆరున్నరకని చెప్పాను. తల ఊపాడు, ఆ టైము రెండుసార్లు తనలో అనుకున్నాడు. ఇంతలో రోడ్డు మీద సైకిలు గంట వినిపించింది. గ్లాసులో సగం టీ వదిలేసి, సంచీ భుజాన వేసుకుని, చాంద్యా వెనక ఎక్కి తండా వైపు పోయాడు.